పట్టాదారు చనిపోయాక పెట్టుబడి సాయం: నా అనుభవం

పట్టాదారు చనిపోయిన ఇంట్లో, ఆయన భూమికి అప్పటిదాకా అందుతున్న ప్రభుత్వ సాయం వారసులకు దానంతట అది రాదు. భూమి అదే, పంట అదే, కలుపు తీసే చేతులు కూడా చాలా ఇళ్లలో అవే. అయినా రెవెన్యూ రికార్డులో పేరు మారి, మారిన పేరు వ్యవసాయ శాఖ జాబితాలోకి ఎక్కి, అక్కడి నుంచి బ్యాంకు ఖాతాతో సరిపోయేంత వరకు ఒక్క రూపాయి జమ కాదు. 2022 ఆషాఢంలో మా బాపు (నాన్న) కాలం చేసినప్పటి నుంచి, నల్గొండ జిల్లాలోని మా ఊళ్లో ఆయన వదిలి వెళ్లిన 2 ఎకరాల 14 గుంటలకు (ఎకరానికి 40 గుంటలు) రావలసిన సాయం పూర్తిగా అమ్మ ఖాతాలో పడేవరకు, ఆ పని అంతా దగ్గరుండి చేసినదాన్ని నేను. మాలాంటి ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి కాబట్టి, ఏ పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మాకు వచ్చేవి రెండు వేర్వేరు సాయాలు. ఒకటి రాష్ట్ర ప్రభుత్వానిది. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ మండలంలో రైతుబంధు పేరుతో మొదలైంది. మొదట పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, 2019 వానాకాలం నుంచి 5,000 ఇచ్చారు. రెండోది కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్. 2019 ఫిబ్రవరిలో ప్రారంభమై, 2018 డిసెంబరు 1 నుంచి వర్తించింది. ఏడాదికి 6,000 రూపాయలు, రెండేసి వేల చొప్పున మూడు విడతలు. మొదటిది ఎకరాల లెక్కన వస్తుంది. రెండోది ఎంత భూమి ఉన్నా కుటుంబానికి ఒకే మొత్తం. రాష్ట్ర సాయం మనం రాసిచ్చిన ఖాతా నంబరుకు, ఆ బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌కు వెళ్తుంది. పీఎం కిసాన్ మాత్రం ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉంటే ఆ ఖాతాను వెతుక్కుంటూ వెళ్తుంది. ఈ తేడా తెలియక ఊళ్లో ఎంతోమంది ఒకదాని సమస్యను ఇంకొకదాని కార్యాలయంలో మొరపెట్టుకుంటారు.

బాపు పోయిన తర్వాత చేసిన మొదటి పని మరణ ధ్రువపత్రం తీసుకోవడం. మరణాన్ని 21 రోజుల లోపు నమోదు చేయిస్తే గ్రామ పంచాయతీలోనే సులువుగా అయిపోతుంది, ఆ గడువు దాటితే ఆలస్యానికి వేరే అనుమతులు కావాలి. దశదినకర్మ ఏర్పాట్ల నడుమ ఈ పని ఎవరికీ గుర్తుండదు; మా పంచాయతీ కార్యదర్శి స్వయంగా ఇంటికి వచ్చి గుర్తు చేయడం మా అదృష్టం. తర్వాత మీసేవ ద్వారా కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాము. బాపు ఖాతాలో అంతకు కొద్ది రోజుల ముందే పడిన వానాకాలం రైతుబంధు డబ్బు ఉంది. ఏటీఎం కార్డుతో తీసేసుకోమని చుట్టాలు చెప్పారు గానీ, నామినీగా అమ్మ పేరు ఉంది కాబట్టి ధ్రువపత్రం ఇచ్చి పద్ధతి ప్రకారమే తీసుకున్నాము. కొంచెం ఆలస్యమైంది తప్ప ఇబ్బంది కాలేదు.

అసలు ఘట్టం విరాసత్, అంటే చనిపోయిన పట్టాదారు భూమిని వారసుల పేరు మీదికి మార్చడం. ఊళ్లో ఇప్పటికీ ఫౌతీ అంటారు. 2020 అక్టోబరు 29న ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చిన తర్వాత ఈ పని తహసీల్దారు దగ్గర స్లాట్ బుక్ చేసుకుని చేయించుకునే పద్ధతికి మారింది. వారసులందరూ ఒకే రోజు, ఒకే సమయానికి హాజరై, భూమి ఎవరి పేరు మీదికి పోవాలో ఒప్పందంగా చెప్పి, వేలిముద్రలు వేసి, ఫొటో దిగవలసి ఉండేది. అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం వెళ్లాము. ఆడపిల్ల సంతకం ఎందుకని అక్కడ ఒక పెద్దాయన అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టాన్ని సవరించి, పూర్వీకుల ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు కల్పించారు. కేంద్రం ఆ పని చేసింది 2005లో. బాపు స్వార్జితంలో అయితే కూతురు మొదటి నుంచీ వారసురాలే. అంత పాత హక్కు గురించి ఇంకా ఈ ప్రశ్న వినవలసి రావడం నాకు బాధ కలిగించింది. భూమి అమ్మ పేరు మీదే ఉండాలన్నది మా ముగ్గురి నిర్ణయం. నేనూ తమ్ముడూ ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నాము. ఆ వయసులో ఆమెకంటూ ఒక పాసుపుస్తకం ఉండటం, పంటకొకసారి ఆమె ఫోనుకు డబ్బు జమైనట్టు సందేశం రావడం చిన్న విషయం కాదని నా నమ్మకం.

పాసుపుస్తకం పోస్టులో ఇంటికి వచ్చింది. అది తెరిచి చూసినప్పుడే అసలు చిక్కు కళ్లబడింది: అందులో ఒక్క సర్వే నంబరు, 1 ఎకరం 6 గుంటలు మాత్రమే ఉంది. ఇంకో సర్వే నంబరులోని 1 ఎకరం 8 గుంటలు లేవు. బాపు పాత పాసుపుస్తకం తీసి పోల్చి చూస్తే అందులోనూ లేవు. అంటే 2018లో బడి ఆవరణలో వరుసలో నిలబడి ఆయన అందుకున్న మొదటి చెక్కు 4,600 రూపాయలు ఎకరం ఆరు గుంటలకే వచ్చింది, ఆ తర్వాత ప్రతి పంటకూ 5,750 రూపాయలే పడింది. మిగిలిన భూమి తర్వాత ఎక్కుతుందని గ్రామ రెవెన్యూ అధికారి చెప్పారని ఆయన అనేవారు. 2020 సెప్టెంబరులో ఆ వ్యవస్థనే రద్దు చేశాక, ఊళ్లో అడగడానికి మనిషే లేకుండా పోయాడు. ఆ ముక్క సంగతి తర్వాత రాస్తాను. చేతికి వచ్చిన పుస్తకంతోనే ముందు రైతుబంధు పని మొదలుపెట్టాము.

వ్యవసాయ విస్తరణాధికారి మా క్లస్టర్ రైతు వేదికలో కూర్చుంటారు. పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్ జిరాక్సు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ జిరాక్సు ఆయనకు ఇవ్వాలి. ఆయన వాటిని తన లాగిన్‌లో ఎక్కిస్తారు. రెవెన్యూ శాఖ ఒక నిర్ణీత తేదీ వరకు పాసుపుస్తకాలు ఉన్నవారి జాబితాను వ్యవసాయ శాఖకు పంపుతుంది. ఆ తేదీ దాటి పుస్తకం వస్తే ఆ పంటకు పేరు ఉండదు, తర్వాతి పంట దాకా ఆగవలసిందే. మా పేరు సమయానికి ఎక్కింది. 2022 డిసెంబరు 28 నుంచి యాసంగి డబ్బు వేయడం మొదలైంది. మొదట ఎకరం లోపు వారికి, ఆ తర్వాత రెండెకరాల వారికి, అలా వరుసగా పైకి వెళ్తారు. మా వరుస వచ్చింది, వెళ్లింది, అమ్మ ఖాతాలో మాత్రం ఏమీ పడలేదు.

కారణం తెలుసుకోవడానికే చాలా కాలం పట్టింది. విస్తరణాధికారి దగ్గర చూస్తే డబ్బు పంపినట్టు ఉంది, బ్యాంకులో అడిగితే రాలేదన్నారు. చివరికి బ్యాంకులోని ఒక ఉద్యోగిని ఓపికగా పాత వివరాలు తిరగేసి చెప్పింది: రెండేళ్లకు పైగా లావాదేవీ లేనందువల్ల అమ్మ ఖాతా ఇన్‌ఆపరేటివ్ అయిపోయింది, కాబట్టి వచ్చిన డబ్బు వచ్చినట్టే వెనక్కి వెళ్లింది. కేవైసీ పత్రాలు మళ్లీ ఇచ్చి, కౌంటరులో వంద రూపాయలు జమ చేస్తే ఖాతా తెరుచుకుంది. ఇంత చిన్న కారణం ఒక్క వాక్యంలో అమ్మ ఫోనుకు తెలుగులో వచ్చి ఉంటే ఎంత శ్రమ తప్పేదో! డబ్బు పడితే సందేశం వస్తుంది. తిరిగి వెళ్లిపోతే ఏ సందేశమూ రాదు. ఈ మొత్తం ప్రక్రియలో నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించింది ఇదే. అమ్మకు మొదటి రైతుబంధు 2023 వానాకాలంలో వచ్చింది, ఎకరం ఆరు గుంటలకు 5,750 రూపాయలు.

ఇక్కడే ఇంకొక మాట చెప్పాలి. పాసుపుస్తకం అమ్మ పేరు మీదికి మారినందువల్ల ఆమె రైతు బీమాలోకి కూడా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఈ బీమాకు ప్రీమియం మొత్తం ప్రభుత్వమే కడుతుంది. బీమా సంవత్సరం ఆగస్టు 14న మొదలవుతుంది. మా బాపు 59 దాటిపోయారు కాబట్టి మాకు అది వర్తించలేదు. వయసుకు ఆధార్‌లోని పుట్టిన తేదీయే ఆధారం. బడి ముఖం చూడని మా పెద్దవాళ్లలో ఎందరికో ఆ కార్డులో జనవరి 1 అనే ఉంటుంది, సంవత్సరం కూడా ఎవరో ఉజ్జాయింపుగా వేసినదే. ఆ ఉజ్జాయింపు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అయితే ఒక కుటుంబానికి 5 లక్షలు వస్తాయో రావో తేలిపోతుంది. అందుకని కొత్త పాసుపుస్తకం చేతికి రాగానే నామినీ పత్రం కూడా నింపి ఇవ్వడం మరచిపోకూడదు.

పీఎం కిసాన్ విషయం మరింత జటిలం. 2019 ఫిబ్రవరి 1 నాటికి ఎవరి పేరు మీద భూమి ఉందో వారికే ఈ సాయం. ఆ తర్వాత కొనుక్కున్నవారికి రాదు, కానీ పట్టాదారు మరణం వల్ల వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఉంది. దరఖాస్తులో భూమి ఎలా సంక్రమించింది అన్న చోట ఆ కారణాన్ని కచ్చితంగా ఎంచుకోవాలి. లేకపోతే తేదీ చూసి తిరస్కరిస్తారు. మా దరఖాస్తు నింపుతున్న ఆపరేటరు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆదాయపు పన్ను కడుతున్నానని విని, అయితే మీ అమ్మకు రాదని తేల్చి చెప్పాడు. అది తప్పు. ఈ పథకంలో కుటుంబం అంటే భార్య, భర్త, మైనరు పిల్లలు మాత్రమే. పెళ్లయి వేరే ఇంట్లో ఉంటున్న కూతురు కట్టే పన్నుతో తల్లి అర్హతకు సంబంధం లేదు. పన్ను కట్టేవారు, ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు 10,000 రూపాయలు ఆపైన పింఛను పొందేవారు అనర్హులన్న నియమాన్ని ఇలా సాగదీసి చెప్పడం వల్ల, అడగకుండానే ఇంటికి తిరిగి వెళ్లిపోయిన ముసలివాళ్లు ఎంతమంది ఉంటారో అనిపించింది. బాపు పేరు మీది విడతలు ఆపించమని కూడా అదే సమయంలో రాసిచ్చాము, ఎందుకంటే మరణం తర్వాత పడిన డబ్బును తిరిగి కట్టవలసి వస్తుంది.

దరఖాస్తు మండలం, జిల్లా, రాష్ట్రం అంచెలు దాటాక ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) దగ్గర ఆగింది. ఓటీపీ పద్ధతికి ఆధార్‌తో ముడిపడిన ఫోను కావాలి. అమ్మ ఆధార్‌కు ఉన్నది ఎప్పుడో వాడడం మానేసిన పాత నంబరు. మీసేవలో వేలిముద్ర పెట్టించారు. పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టినా యంత్రం తీసుకోలేదు. పత్తి ఏరేటప్పుడు కాయ పగిలిన అంచులు గుచ్చుకుని గుచ్చుకుని, నాట్లప్పుడు బురదలో నాని, ఆమె వేలి కొనలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. "పత్తి ఏరిన చేతులకు గీతలు ఏడుంటయి బిడ్డా" అని ఆమె ఆ కుర్రవాడితో మామూలుగానే అంది, నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. సాగు చేస్తున్నందుకు ఇచ్చే సాయం, సాగు చేసి అరిగిన చేతుల వల్లే ఆగిపోవడం అన్యాయం.

2023 జూన్‌లో కేంద్రం ముఖం గుర్తింపుతో ఈ-కేవైసీ చేసే వీలును పీఎం కిసాన్ యాప్‌లో తెచ్చింది. ఆ సంగతి మా విస్తరణాధికారే చెప్పారు. రైతు వేదిక ముందున్న వేపచెట్టు కింద అమ్మను కూర్చోబెట్టి, తన ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుని, "అమ్మా, కండ్లు ఒక్కసారి మూసి తెరువుండ్రి" అన్నారు. ఎండ వెలుతురు ముఖం మీద ఒకవైపే పడుతుంటే యాప్ తీసుకోలేదు. కుర్చీ నీడలోకి జరిపి, కొంగు తల మీద నుంచి దించి, మళ్లీ పట్టుకుంటే ఆకుపచ్చ వలయం పూర్తయింది. ఆ తర్వాత కూడా డబ్బు ఎటు పోతుందన్నది చూసుకోవాలి. అమ్మకు పొదుపు సంఘం కోసం ఒకటి, ఉపాధి హామీ కూలి కోసం ఒకటి ఖాతాలు ఉన్నాయి. ఆధార్ చివరిగా ఏ ఖాతాకు ముడిపడితే డబ్బు అందులోకే వెళ్తుంది, మనం దరఖాస్తులో ఏ నంబరు రాసినా సరే. మేము బ్యాంకులో పత్రం ఇచ్చి ఆధార్‌ను ఆమె వాడుకునే ఖాతాకు మార్పించాము. 2024 ఫిబ్రవరి 28న దేశమంతటా విడుదలైన 16వ విడతలో ఆమె మొదటి 2,000 రూపాయలు అందుకుంది.

ఇక ఎక్కని ఆ 1 ఎకరం 8 గుంటల సంగతి. 2017 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు జరిగిన భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూములను పార్ట్-ఎలో, మిగిలినవాటిని పార్ట్-బిలో వేశారు. మా ముక్కకు పొరుగువారితో గొడవ లేదు, కోర్టు కేసు లేదు. పహాణీలు (ఏటేటా రాసే సాగు రికార్డులు) తీయించి చూస్తే, అదే సర్వే నంబరులో ఇంకొక పట్టాదారు విస్తీర్ణం రెండుసార్లు నమోదైనట్టు కనిపించింది. దానివల్ల అందరి విస్తీర్ణాలూ కలిపితే ఆ సర్వే నంబరుకు మొదటి సర్వే రికార్డైన సేత్వార్‌లో ఉన్న అసలు విస్తీర్ణాన్ని మించిపోయింది. మించిపోతే పాసుపుస్తకానికి కావలసిన తహసీల్దారు డిజిటల్ సంతకానికి వీలుండదు. అంతకుముందే సంతకాలు అయినవారికి నష్టం లేదు, వరుసలో చివర మిగిలిన మా బాపుకే నష్టం. ఎవరో ఒకరు ఒక కాగితం మీద చేసిన కూడిక పొరపాటుకు ఆయన బతికినంత కాలం సగం సాయమే అందుకున్నారు. అందులో ఆయన తప్పు ఏమీ లేదు. ఆ నష్టాన్ని పూడ్చే నియమం కూడా ఎక్కడా లేదు.

పాసుపుస్తకంలో దిద్దుబాట్లకు ధరణిలో వాడిన టీఎం-33 కింద దరఖాస్తు పెట్టాము. పహాణీ నకళ్లు, పాత పాసుపుస్తకం, ఆ రెండోసారి నమోదు తనది కాదని పొరుగు పట్టాదారు రాసిచ్చిన కాగితం జత చేశాము. ఆయన మంచితనం లేకపోతే పని జరిగేది కాదు. ఇంతకుముందు ఇలాంటివన్నీ కలెక్టర్ దాకా వెళ్లి అక్కడ పేరుకుపోయేవి. 2024 మార్చిలో పెండింగు దరఖాస్తుల కోసం ప్రత్యేక డ్రైవ్ పెట్టి, తహసీల్దార్లకు, ఆర్డీవోలకు, అదనపు కలెక్టర్లకు అధికారాలు పంచినప్పుడు మాది కదిలింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పొలం మీదికి వచ్చి గట్లు చూసి, పొరుగువారిని అడిగి, రాసుకుని వెళ్లారు. అధికారి ఒకసారి పొలానికి వస్తే చాలు తేలిపోయే విషయం ఆరేళ్లు తెరమీద ఆగిపోయింది.

2024 వానాకాలానికి రాష్ట్రంలో ఎవరికీ పెట్టుబడి సాయం ఇవ్వలేదు. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో, ఎకరానికి పంటకు 6,000 రూపాయల చొప్పున, సాగుకు పనికిరాని భూములను తీసేసి మళ్లీ మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో అమ్మ ఖాతాలో 14,100 రూపాయలు పడ్డాయి. మా 2 ఎకరాల 14 గుంటలకూ పూర్తి సాయం రావడం అదే మొదటిసారి.

ఆ ఎకరం ఎనిమిది గుంటలను బాపు పోయినప్పటి నుంచి మా ఊరి రైతు ఒకాయన కౌలుకు తీసుకుని పత్తి వేస్తున్నారు. విత్తనం, ఎరువు, మందుల ఖర్చు ఆయనది, వాన తప్పితే నష్టం ఆయనది, సాయం మాత్రం పట్టా ఉన్నందున మాకు వస్తుంది. పెట్టుబడి సాయం అన్న పేరుకు తగినట్టు అది పెట్టుబడి పెట్టిన మనిషికి చేరడం లేదు. రికార్డు కచ్చితంగా ఉంటేనే సాయం కచ్చితంగా అందుతుందని మా అనుభవం చెబుతుంటే, కౌలుదారు పేరు ఏ రికార్డులోనూ ఉండదు. మేము మా ఇంట్లో మాట్లాడుకుని, ఆ ముక్కకు వచ్చే మొత్తాన్ని ఆయన కౌలులో తగ్గించాము. అది ఇద్దరి మధ్య ఒప్పందం మాత్రమే. అందరికీ వర్తించే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి: ఈ రెండు పథకాల్లో డబ్బు మధ్యలో ఎవరి చేతిలోనూ పడలేదు, మేము ఎవరికీ లంచం ఇవ్వలేదు, పడిన ప్రతిసారీ పూర్తిగా పడింది. అందుకే మిగిలిన లోపాలు సరిదిద్దడం సాధ్యమేనని అనుకుంటున్నాను. పంచాయతీలో మరణం నమోదైన రోజునే ఆ పట్టాదారు వారసులకు విరాసత్ నోటీసు వెళ్లాలి. సాయం తిరిగి వెళ్లిపోతే కారణంతో సహా జాబితా పంచాయతీ గోడ మీద పెట్టాలి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది, ఊళ్లకు మళ్లీ గ్రామ పాలనాధికారులను నియమించారు. అడగడానికి ఊళ్లో మనిషి ఉండటం వల్ల ఎంత మేలు జరుగుతుందో మాకు తెలుసు కాబట్టి ఆ మార్పును నేను స్వాగతిస్తున్నాను.

2025 మే నుంచి విస్తరణాధికారులు ప్రతి పట్టాదారుకూ 11 అంకెల రైతు గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. పీఎం కిసాన్‌కు అది అవసరమవుతుందని చెప్పడంతో అమ్మ కూడా నమోదు చేయించుకుంది. ఈసారి ఆమె ఆధార్‌కు తమ్ముడి ఫోను ముందే కలిపించి ఉండటంతో ఓటీపీ వెంటనే వచ్చింది. మీ ఇంట్లో పట్టాదారు పెద్దవయసు వారైతే, ఆధార్‌లో ఫోను నంబరు పనిచేస్తుందో లేదో, బ్యాంకు ఖాతా నడుస్తుందో లేదో, పాసుపుస్తకంలో అన్ని సర్వే నంబర్లూ ఎక్కాయో లేదో వారు ఉన్నప్పుడే పక్కన కూర్చుని చూడండి. ముఖ్యంగా సర్వే నంబర్ల సంగతి: వారి సాగు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ గట్టు అవతల ఎవరున్నారు అన్నది అడిగి రాసిపెట్టుకోండి. ఆ వివరాలు మాకు ఊళ్లో నలుగురిని అడిగితే గానీ దొరకలేదు.